మూడేళ్ల నిబంధన: కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ముందే వెళ్లనివ్వాలా?

ఫ్రిస్కో నాన్న
2025 జూలై 12, శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మా వాడు వచ్చే నెల తొమ్మిదో తరగతిలోకి వెళ్తున్నాడు, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరాడు. వాడితో కలిసి చూసీ చూసీ నాకూ ఈ ఆట మీద పిచ్చి పట్టింది. జనవరి 20న ఒహాయో స్టేట్, నోటర్‌డామ్ కాలేజీల ఫైనల్ ఇద్దరం సోఫా అంచున కూర్చుని చూశాం. ఒహాయో స్టేట్ ఓ దశలో చాలా ముందుంది. చివర్లో నోటర్‌డామ్ పుంజుకుని 31-23 దాకా వచ్చేసింది. ఒహాయో స్టేట్‌కి థర్డ్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా పదకొండు గజాలు కావాలి. అప్పుడు జెరెమయా స్మిత్ డిఫెండర్‌ని వెనక వదిలేసి 56 గజాల క్యాచ్ పట్టాడు. మ్యాచ్ అక్కడితో అయిపోయింది.

ఆ కుర్రాడికి అప్పటికి పందొమ్మిదేళ్లు. కాలేజీలో అదే మొదటి ఏడాది. ఆ సీజన్‌లో 1,315 గజాలు, 15 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం). మా వాడు అడిగాడు, "నాన్నా, ఇతను వచ్చే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోతాడా?" అని. ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే ప్రొఫెషనల్ లీగ్. లేదురా, 2027 డ్రాఫ్ట్ దాకా (అంటే ప్రొఫెషనల్ టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేదాకా) ఆగాలి అన్నాను. "ఎందుకు?" అన్నాడు. హైస్కూల్ అయ్యాక మూడు ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్లు గడవాలని రూల్ ఉంది అన్నాను. "అదే, ఎందుకు?" అన్నాడు మళ్లీ. నా దగ్గర జవాబు లేదు.

బేస్‌బాల్‌లో హైస్కూల్ నుంచే నేరుగా సంతకం పెట్టొచ్చు. హాకీలో పద్దెనిమిదికే డ్రాఫ్ట్ అవుతారు. బాస్కెట్‌బాల్‌లో పందొమ్మిదేళ్లు నిండి, హైస్కూల్ దాటి ఒక్క ఏడాది అయితే చాలు. ఇక్కడ మాత్రమే మూడేళ్లు. నా ఉద్దేశంలో ఈ రూల్ తీసేయాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

వైజాగ్ కుర్రాడు
అదే రాత్రి

అన్నా, డల్లాస్‌కి ఎంఎస్ చేయడానికి వచ్చి ఏడాది కాలేదు, ఈ ఆట ఇంకా సరిగా అర్థం కాదు. కానీ రూల్ వింటే ఆశ్చర్యంగా ఉంది. తిలక్ వర్మ 2022లో ముంబై ఇండియన్స్‌కి ఆడేటప్పటికి పందొమ్మిదేళ్లు. మా నితీశ్ కుమార్ రెడ్డి ఇరవై ఒకటికే మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ కొట్టాడు. మొన్న ఐపీఎల్‌లో వైభవ్ సూర్యవంశీకి పద్నాలుగు. ముందు మూడేళ్లు డిగ్రీ కాలేజీ టీమ్‌కి ఆడి రండి అని వీళ్లతో అనుంటే ఏమయ్యేది?

మోకాలి వైద్యం
జూలై 13, ఆదివారం పొద్దున

తమ్ముడూ, క్రికెట్‌తో పోల్చకు. క్రికెట్‌లో బంతి తగులుతుంది, మనిషి వచ్చి గుద్దడు.

నేను ఫిజికల్ థెరపిస్ట్‌ని. పదమూడేళ్లుగా హైస్కూల్, కాలేజీ పిల్లల మోకాళ్లే చూస్తున్నాను. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్) తెగి ఆపరేషన్ అయి వచ్చిన పిల్లాడికి మొదటి రోజు నేను చేసేది ఒకటే. మోకాలి చిప్పకి జానెడు పైన టేపు చుట్టి రెండు తొడలూ కొలుస్తాను. రెండు వారాల్లోనే ఆపరేషన్ అయిన కాలు ఎంత సన్నబడిపోతుందో ఆ టేపు మీద కనిపిస్తుంది. మొన్నటిదాకా రెండు వందల కిలోలు ఎత్తిన కుర్రాడు పడుకుని కాలు నిటారుగా పైకి లేపలేక నా వైపు చూస్తాడు. వాళ్ల వయసు పదిహేడు, పద్దెనిమిది. మళ్లీ ఆటకి రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. చిన్న వయసులో ఒకసారి తెగినవాళ్లకి రెండోసారి తెగే ప్రమాదం కూడా ఎక్కువ.

ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్‌లో ఎదురుగా నిలబడేది నూట నలభై కిలోల, ముప్పై ఏళ్ల మనిషి. పదేళ్లుగా అదే పని చేస్తున్నవాడు. పద్దెనిమిదేళ్లకి ఎత్తు వచ్చేస్తుంది, కానీ ఎముక గట్టిదనం, కండని ఎముకకి పట్టే టెండన్ల బలం ఇరవై దాటాక కూడా పెరుగుతూనే ఉంటాయి. మూడేళ్లు అనేది దేవుడు రాసిన అంకె కాదు, ఒప్పుకుంటాను. కానీ ఏదో ఒక గీత ఉండాలి.

కొలంబస్ పాతకాపు
ఆదివారం మధ్యాహ్నం

ఈ రూల్ గురించి మాట్లాడితే మారిస్ క్లారెట్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. 2002లో నేను ఇక్కడ ఒహాయో స్టేట్‌లో చదువుకుంటున్నాను, లేన్ అవెన్యూ పక్కన ఐదుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. శనివారం మ్యాచ్ ఉంటే స్టేడియం అరుపులు మా వంటింట్లోకి వినపడేవి. ఆ ఏడాదే ఈ కుర్రాడు వచ్చాడు. మొదటి ఏడాది రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు), 1,237 గజాలు పరిగెత్తాడు.

2003 జనవరి 3, ఫియెస్టా బౌల్, ఆ సీజన్ ఫైనల్ అదే, ఎదురుగా మయామీ. అందరికీ ఆఖరి టచ్‌డౌన్ గుర్తుంటుంది. నాకు గుర్తుండేది వేరు. మా క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని మయామీ సేఫ్టీ (వెనక కాపు కాసే డిఫెండర్) షాన్ టేలర్ ఎండ్‌జోన్‌లో (చివరి గీత దాటాక ఉండే చోట) పట్టేసుకుని బయటికి పరుగందుకున్నాడు. క్లారెట్ వెంటపడి, పట్టుకుని పడేయడానికి కాకుండా, నేరుగా చంకలో ఉన్న బంతి మీదే చెయ్యేసి లాగేసుకున్నాడు. బంతి మళ్లీ మాది. ఆ తర్వాత ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని సాధించే మూడు పాయింట్లు) వచ్చింది. రెండో ఓవర్‌టైమ్‌లో గెలిపించిన టచ్‌డౌన్ కూడా అతనిదే, 31-24. పందొమ్మిదేళ్ల కుర్రాడికి ఆ క్షణంలో ఆ బుర్ర ఎలా పనిచేసిందని మేం తెల్లారేదాకా మాట్లాడుకున్నాం.

తర్వాత కథ బాధగా ఉంటుంది. 2003 సీజన్ మొత్తం కాలేజీ అతన్ని సస్పెండ్ చేసింది. అనుమతి లేని ప్రయోజనాలు తీసుకున్నాడని, విచారణలో నిజం చెప్పలేదని. తప్పు లేదని నేనను. కానీ ఫలితం చూడండి. కాలేజీలో ఆడనివ్వరు, ఎన్‌ఎఫ్‌ఎల్ రానివ్వదు. కోర్టుకి వెళ్లాడు, కింది కోర్టులో గెలిచాడు, పై కోర్టులో ఓడాడు. 2005 డ్రాఫ్ట్ ముందు పరీక్షల్లో నలభై గజాల పరుగు రెండుసార్లు తీస్తే 4.72, 4.82 సెకన్లు వచ్చింది. రన్నింగ్ బ్యాక్‌కి అది చాలా నెమ్మది. అంతకుముందు రెండేళ్లుగా ఒక్క మ్యాచ్ ఆడలేదు మరి. డెన్వర్ టీమ్ డ్రాఫ్ట్ మూడో రౌండ్‌లో తీసుకుని, సీజన్ మొదలవకముందే పంపేసింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ తర్వాత జైలు.

2003 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్‌కి వెళ్లనిచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇరవై రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

లా పాయింట్
ఆదివారం సాయంత్రం

పాతకాపు గారు కోర్టు సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. అసలు ముడి అక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

2004 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి షిరా షైండ్లిన్ క్లారెట్ వైపు తీర్పిచ్చారు. ఒకే వృత్తిలో ఉన్న కంపెనీలన్నీ కూడబలుక్కుని ఫలానా వాళ్లని పనిలోకి తీసుకోం అనడం పోటీ చట్టాలకి విరుద్ధం అన్నారు. అదే ఏడాది మే నెలలో సెకండ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసింది సోనియా సోటోమేయర్, ఇప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఆమె వాదన స్థూలంగా ఇది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్లకి యూనియన్ ఉంది. జీతాలు, పనివేళలు, ఎవరు అర్హులు అనేవి యూనియన్, యజమానులు కూర్చుని తేల్చుకునే విషయాలు. కార్మిక చట్టం నడిచే చోట పోటీ చట్టం పక్కకి తప్పుకోవాలి.

అప్పట్లో ఈ నిబంధన ఒప్పందంలో సూటిగా రాసి కూడా లేదు, లీగ్ నియమావళిలో ఉండేది. ఇప్పుడు 2020 ఒప్పందంలో స్పష్టంగా రాసుకున్నారు. ఇంకో చిన్న విషయం. లెక్క వయసుది కాదు, హైస్కూల్ దాటిన ఏళ్లది. 2007లో అమోబి ఒకోయే పందొమ్మిదేళ్లకే మొదటి రౌండ్‌లో హ్యూస్టన్‌కి వెళ్లాడు. చిన్నప్పుడే తరగతులు దాటేసి పదహారేళ్లకి కాలేజీలో చేరాడు కాబట్టి సరిపోయింది. పందొమ్మిదేళ్ల శరీరం ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పనికిరాదనే వాదన ఆ రోజు ఎటుపోయిందో నాకు అర్థం కాదు.

ఫ్రిస్కో నాన్న
ఆదివారం రాత్రి

లా పాయింట్ గారూ, వివరంగా చెప్పినందుకు థాంక్స్. కానీ చదువుతుంటే కోపం వస్తోంది. యూనియన్‌లో ఓటు ఉన్నది లోపల ఉన్నవాళ్లకి. రూల్ పడేది బయట ఉన్నవాళ్ల మీద. లోపలున్న ముప్పై ఏళ్ల ఆటగాడికి పందొమ్మిదేళ్ల కుర్రాడు రావడం ఇష్టం ఉంటుందా? టీమ్‌కి 53 మందే. ఒకడు వస్తే ఒకడు పోవాలి. ఇంట్లోవాళ్లంతా కలిసి గడియ పెట్టుకుని, బయటివాడి మంచికే పెట్టాం అంటే ఎలా?

లెక్కల మాస్టారు
జూలై 14, సోమవారం

నాన్నగారి కోపానికి లెక్క కూడా తోడిస్తాను.

2010లో మొదటి పిక్ (డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన) శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి గ్యారంటీగా ఇచ్చింది 5 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది కొత్త ఒప్పందం వచ్చింది. 2011 మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి మొత్తం కలిపి 2.2 కోట్లు. కొత్తగా వచ్చేవాళ్ల జీతాలకి అప్పుడే పరిమితి పెట్టారు, ఇప్పటికీ అదే పద్ధతి. మొదటి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండ్ వాళ్లయితే టీమ్ కోరుకుంటే ఐదో ఏడాది కూడా. ఎంత బాగా ఆడినా మూడు సీజన్లు అయ్యేదాకా మళ్లీ బేరం ఆడటానికి లేదు.

అంటే అసలు డబ్బు రెండో ఒప్పందంలో ఉంటుంది. ఇరవై రెండేళ్లకి వచ్చినవాడికి అది ఇరవై ఆరుకో ఇరవై ఏడుకో. క్వార్టర్‌బ్యాక్‌కి పర్వాలేదు, ముప్పై ఐదు దాకా ఆడతాడు. రన్నింగ్ బ్యాక్‌కి ఇరవై ఏడంటే టీమ్‌లు అప్పటికే ముసలివాడిలా చూస్తాయి. ఏడ్రియన్ పీటర్సన్ 2004లో ఓక్లహోమాలో మొదటి ఏడాదే 1,925 గజాలు పరిగెత్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లింది 2007లో. మధ్యలో కాలర్ బోన్ విరిగింది. ఆ పరుగులన్నీ అతని కాళ్ల మీంచే పోయాయి, జీతం లెక్కలోకి రాలేదు. ఆయన అసాధారణమైన మనిషి కాబట్టి తట్టుకున్నాడు.

ఈ ఏడాది కొత్త ఆటగాడి కనీస జీతమే 8,40,000 డాలర్లు. ఒక్కో ఏడాది ఆలస్యం అంటే కనీసం అంత.

ఎన్‌ఎఫ్‌ఎల్ వైపు నుంచి కూడా చూడండి. బేస్‌బాల్ యజమానులు మైనర్ లీగ్‌లు నడిపి కుర్రాళ్లకి జీతాలిచ్చి తయారు చేసుకుంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఆ పని కాలేజీలు చేసిపెడతాయి. మూడేళ్లు ఎవరు ఎలా ఆడతాడో టీవీలో చూసి ఏరుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. మూడేళ్ల రూల్ ఎవరి కోసమో ఇక్కడ తెలిసిపోతుంది.

కరీంనగర్ టు కొలంబియా
సోమవారం రాత్రి

2012 అక్టోబర్ 27. సౌత్ కరోలినాలో నా మొదటి సెమిస్టర్. మా ల్యాబ్‌లో ఒకతని దగ్గర అదనపు టికెట్ ఉంటే స్టేడియానికి పోయిన. అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం అదే మొదటిసారి. టెనెసీతో మ్యాచ్. అందరూ ఒకటే పేరు అరుస్తున్నారు, మార్కస్ లాటిమోర్. 2010లో మొదటి ఏడాది 1,197 గజాలు, 2011లో ఎడమ మోకాలు పోయింది, కోలుకుని మళ్లీ వచ్చాడు అని పక్కనున్న పెద్దాయన చెప్పాడు.

రెండో క్వార్టర్‌లో బంతి తీసుకుని పరిగెత్తాడు. ఒకరు కింద తగిలారు. మేం దూరంగా కూర్చున్నాం, మాకు సరిగా కనిపించలేదు. కానీ స్టేడియంలో ఆ అరుపు మధ్యలో తెగిపోయింది. పెద్ద తెర మీద మళ్లీ చూపించలేదు. కుడి మోకాలు. రెండు జట్ల ఆటగాళ్లూ మైదానంలోకి నడుచుకుంటూ వచ్చి చుట్టూ నిలబడ్డారు, టెనెసీ వాళ్లు కూడా. పక్కనున్న పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంకో రెండు రోజుల్లో ఆ పిల్లగాడికి ఇరవై ఒకటి నిండుతుంది. ఆరు నెలల తర్వాత డ్రాఫ్ట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నాలుగో రౌండ్‌లో తీసుకుంది. 2014 నవంబర్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే రిటైర్ అయ్యాడు.

మోకాలి వైద్యం అక్కా, మీరు చెప్పిన గీత అతన్ని కాపాడలేదు. కాలేజీలో ఆపి ఉంచితే మోకాలికి భద్రత అనుకుంటున్నాం, కాలేజీల ఎస్‌ఈసీ లీగ్‌లో కూడా నూట నలభై కిలోల వాళ్లే ఉంటారు. గుద్దు అదే, జీతమే లేదు. 2010 సీజన్ అయినప్పుడు అతన్ని పోనిచ్చి ఉంటే కనీసం చేతిలో డబ్బన్నా ఉండేది.

మోకాలి వైద్యం
జూలై 15, మంగళవారం పొద్దున

తమ్ముడూ, రాత్రి రెండుసార్లు చదివాను. నువ్వన్నది నిజం. నేను ఎన్‌ఎఫ్‌ఎల్ దెబ్బల గురించి మాట్లాడాను, కాలేజీ దెబ్బల గురించి మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చేది కాలేజీ పిల్లలే అయి ఉండి కూడా.

తలకి తగిలే దెబ్బల సంగతీ అంతే. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు దానంగా వచ్చిన మెదళ్లు పరీక్షించారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆడినవాళ్లవి 111లో 110కి సీటీఈ (తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు) ఉంది. కాలేజీతో ఆగిపోయినవాళ్లవి 53లో 48. లక్షణాలు కనిపించిన కుటుంబాలే ఎక్కువగా ఇస్తాయి కాబట్టి అందరికీ ఇదే శాతం అని చెప్పకూడదు. కానీ కాలేజీ మైదానం పరుపు కాదని మాత్రం తెలుస్తుంది.

వయసు గీత మీద నా పట్టు సడలింది. అయినా ఒక భయం పోలేదు. తలుపు తెరిస్తే లాటిమోర్ లాంటి ఒక్కడు వెళ్లడు. వాణ్ణి చూసి, అంత సత్తా లేని రెండు వందల మంది వెళ్తారు. ఎవరో ఏజెంట్, ఎవరో మేనమామ నువ్వు రెడీ అంటారు. వాళ్ల సంగతేంటి?

జార్జియా ట్యూటర్
మంగళవారం

అక్క అడిగిన ఆ రెండు వందల మంది నాకు తెలుసు.

ఎంఎస్ చేసేటప్పుడు ఓ పెద్ద యూనివర్సిటీలో అథ్లెట్లకి స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెప్పేదాన్ని. పేరు అనవసరం. రాత్రి ఎనిమిదికి వచ్చేవాడు ఒక అఫెన్సివ్ లైన్‌మన్ (ముందు వరసలో ఎదుటివాళ్లని అడ్డుకునేవాడు). పొద్దున ఐదున్నరకి జిమ్, తర్వాత క్లాసులు, మీటింగ్, ప్రాక్టీస్, అప్పుడు నేను. వారానికి ఇరవై గంటలే అని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూల్ కాగితం మీద ఉంటుంది. ఎడమ చేతి వేళ్లు, కుడి చేతి రెండు వేళ్లు తెల్ల టేపుతో కట్టేసి ఉండేవి. పెన్సిల్ పట్టడం రాక బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించి స్టాండర్డ్ డీవియేషన్ లెక్క చేసేవాడు. తప్పు వస్తే రబ్బరుతో చెరపడం కుదరక అంతా కొట్టేసి మళ్లీ రాసేవాడు. ఇంజనీరింగ్ చదవాలని వచ్చాడట. ల్యాబులు మధ్యాహ్నం, ప్రాక్టీసూ మధ్యాహ్నమే. వేరే కోర్సులో వేశారు. ఈ రూల్ పిల్లల చదువు కోసం అని ఎవరైనా అంటే నాకు ఆ టేపు గుర్తొస్తుంది.

కానీ రెండో వైపు కూడా నేనే చెప్పాలి. డ్రాఫ్ట్ వయసుకి వచ్చిన కాలేజీ ఆటగాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లేది రెండు శాతం లోపే అని ఎన్‌సీఏఏ లెక్కలే చెప్తాయి. మా లైన్‌మన్ డ్రాఫ్ట్ కాలేదు. డిగ్రీ పూర్తి చేశాడు, ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాడు, సాయంత్రం కోచింగ్. పంతొమ్మిదేళ్లకి ఎవరి మాటో నమ్మి డ్రాఫ్ట్‌కి పేరిచ్చి ఉంటే ఆ స్కాలర్‌షిప్ పోయేది. అతనికి ఆ డిగ్రీ ఎంత విలువైనదో నేను చూశాను.

లెక్కల మాస్టారు
మంగళవారం రాత్రి

ట్యూటర్ గారి మాట చదివాక ఒకటి గుర్తు చేయాలి. పరిస్థితి తిరగబడింది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం అమ్ముకోవచ్చు, దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నాం. పోయిన నెల 6న, కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి జడ్జి ఆమోదం వచ్చింది. ఈ జూలై 1 నుంచి ఒక్కో కాలేజీ మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా ఇవ్వొచ్చు. పాత ఆటగాళ్లకి బకాయిల కింద దాదాపు 280 కోట్లు.

దాంతో ముందే వెళ్లిపోయేవాళ్లు తగ్గారు. కొన్నేళ్ల కింద చదువు మిగిలి ఉండగానే డ్రాఫ్ట్‌కి వెళ్లేవాళ్లు వంద దాటేవాళ్లు, 2024లో అరవై లోపే. నాలుగో రౌండ్‌లో వచ్చేదాని కన్నా కాలేజీలోనే ఎక్కువ వస్తుంటే ఎందుకు పోతారు?

లా పాయింట్
మంగళవారం రాత్రి

నిజమే. 2003లో ఒకడు, క్లారెట్, కాలేజీ నుంచి బయటపడటానికి కోర్టుకెక్కాడు. 2024 డిసెంబర్‌లో వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా కాలేజీలో ఇంకో ఏడాది ఉండనివ్వమని కోర్టుకెక్కాడు, గెలిచాడు కూడా. జూనియర్ కాలేజీలో ఆడిన కాలాన్ని లెక్కలో కలపొద్దని వాదన.

ఫ్రిస్కో నాన్న
జూలై 16, బుధవారం

మరి ఇంత డబ్బు వస్తోందిగా, ఇక గొడవ లేనట్టేగా అని ఆఫీసులో ఒకాయన అన్నాడు. నాకు అలా అనిపించడం లేదు. డబ్బు ఇస్తున్నాం కాబట్టి వెళ్లొద్దు అనడం ఏ ఉద్యోగంలో ఒప్పుకుంటాం? మన హెచ్1బీ వాళ్లకి ఇంకా బాగా తెలియాలి. జీతం బాగుంది కదా, మూడేళ్లు కంపెనీ మారకు అంటే ఊరుకుంటామా?

పైగా ఆ 2.05 కోట్లు అన్ని ఆటలకీ కలిపి. క్వార్టర్‌బ్యాక్‌కి లక్షలు వస్తాయి. ట్యూటర్ గారి లైన్‌మన్‌కి ఎంత వస్తుంది?

కొలంబస్ పాతకాపు
బుధవారం రాత్రి

ఈ గడియ ఎంత పాతదో కూడా చెప్తాను. 1925 నవంబర్‌లో ఇల్లినాయ్ స్టార్ రెడ్ గ్రేంజ్ కాలేజీలో ఆఖరి మ్యాచ్ ఆడి, వెంటనే చికాగో బేర్స్‌తో సంతకం పెట్టాడు. కొద్ది రోజులకే థాంక్స్‌గివింగ్ నాడు ప్రొఫెషనల్‌గా మైదానంలో దిగాడు. డిగ్రీ పూర్తి కాలేదు. కాలేజీలు గగ్గోలు పెట్టాయి. వాళ్లని శాంతింపజేయడానికి, తోటి విద్యార్థులు గ్రాడ్యుయేట్ అయ్యేదాకా కాలేజీ ఆటగాడిని తీసుకోం అని ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్ పెట్టింది. అప్పట్లో జనమంతా కాలేజీ ఆటకే వెళ్లేవాళ్లు, ఎన్‌ఎఫ్‌ఎల్‌ని పట్టించుకునేవాళ్లు కాదు. కాలేజీలతో తగాదా పెట్టుకునే శక్తి దానికి లేదు. ఇందులో పిల్లల మోకాళ్ల మాట ఎక్కడా లేదు.

1983లో హెర్షెల్ వాకర్ మూడేళ్లకే జార్జియా కాలేజీ వదిలేసి యూఎస్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లగలిగాడంటే పక్కన ఇంకో లీగ్ ఉంది కాబట్టి. ఎన్‌ఎఫ్‌ఎల్ నాలుగేళ్ల నుంచి మూడేళ్లకి దిగింది 1990లో. పక్క తలుపు ఉన్నప్పుడే ఈ తలుపు కాస్త కదులుతుంది. వెస్ట్ వర్జీనియా కాలేజీ నుంచి బయటికి పంపిన కెనీ రాబిన్సన్ 2020లో ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే ఇంకో లీగ్‌లో ఆడి, అక్కడి నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ ఐదో రౌండ్‌కి వచ్చాడు. కానీ ఆ లీగ్‌లు ఎక్కువ కాలం నిలబడవు.

మోకాలి వైద్యం
జూలై 17, గురువారం

మీ అందరి మాటలూ విన్నాక నాకు తోచింది చెప్తాను. సమస్య వెళ్లడం కాదు, తిరిగి రాలేకపోవడం. బాస్కెట్‌బాల్ పిల్లలు డ్రాఫ్ట్‌కి పేరిచ్చి, పరీక్షలకి వెళ్లి, టీమ్‌లు ఏమంటున్నాయో విని, గడువు లోపల వెనక్కి వచ్చి కాలేజీలో ఆడుకోవచ్చు. ఫుట్‌బాల్ పిల్లలకీ అది ఇవ్వాలి. ఎవరికీ నచ్చకపోతే మళ్లీ స్కాలర్‌షిప్, మళ్లీ టీమ్. తిరిగొచ్చే దారి ఉంటే నేను భయపడే రెండు వందల మందికి పెద్ద నష్టం ఉండదు. లాటిమోర్ లాంటివాడు మొదటి ఏడాదే వెళ్లిపోతాడు. వెళ్లనివ్వండి.

జార్జియా ట్యూటర్
గురువారం

అక్కా, నూటికి నూరు పాళ్లు. ఒక్కటి కలుపుతాను. డ్రాఫ్ట్ అయ్యి వెళ్లినవాడికీ డిగ్రీ సీటు జీవితాంతం ఉంచాలి. పాతికేళ్లకి మోకాలు పోయి వచ్చినా క్లాసులో కూర్చునే హక్కు ఉండాలి.

లా పాయింట్
గురువారం రాత్రి

మంచి మాట. కానీ ఇది ఇద్దరు మార్చాలి. తిరిగి రానిచ్చే రూల్ ఎన్‌సీఏఏ చేతిలో ఉంది, కావాలంటే రేపే మార్చొచ్చు. మూడేళ్ల రూల్ మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్, యూనియన్ ఒప్పందంలో ఉంది, అది 2030 సీజన్ దాకా నడుస్తుంది. మధ్యలో తెరవడానికి ఇద్దరికీ అవసరం లేదు. నాన్నగారూ, మీ వాడు హైస్కూల్ దాటేది 2029లో. అప్పటికి ఇదే రూల్.

ఫ్రిస్కో నాన్న
జూలై 18, శుక్రవారం

మా వాడు అంత దూరం వెళ్తాడని నేను అనుకోవడం లేదు, వాడికి ఆట ఇష్టం, అది చాలు. కానీ నిన్న రాత్రి ఈ చర్చంతా వాడికి చదివి వినిపించాను. క్లారెట్ కేసు గురించి ఇంకెక్కడో చదివాడట, మైక్ విలియమ్స్ అనే ఆయన కూడా ఉన్నాడట. ఆయన్ని కాలేజీ వాళ్లు ఎందుకు వెనక్కి తీసుకోలేదు అని అడుగుతున్నాడు. లా పాయింట్ గారూ, మీరే చెప్పాలి.

లా పాయింట్
శుక్రవారం రాత్రి

మీ వాడు సరైన చోటే పట్టుకున్నాడు. విలియమ్స్ యూఎస్‌సీ కాలేజీ రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు). క్లారెట్ కింది కోర్టులో గెలవగానే, తలుపు తెరుచుకుందని నమ్మి రెండేళ్లకే డ్రాఫ్ట్‌కి పేరిచ్చాడు, ఏజెంట్‌ని పెట్టుకున్నాడు. డ్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందు పై కోర్టు ఆ తీర్పుని ఆపేసింది. అప్పుడు ఏజెంట్‌ని వదిలేశాడు, తీసుకున్న డబ్బు తిరిగి కట్టాడు, వేసవి క్లాసులకి వెళ్లి చదువు సరిచేసుకున్నాడు. కాలేజీ కూడా అతని తరఫున ఎన్‌సీఏఏని అడిగింది. 2004 ఆగస్టు చివర్లో, సీజన్ మొదలయ్యే ముందు, కుదరదు అని జవాబు వచ్చింది. ఒకసారి ప్రొఫెషనల్ అని చెప్పుకున్నాడు, ఏజెంట్‌ని పెట్టుకున్నాడు, అంతే. ఆ ఏడాది ఎక్కడా ఆడలేదు. 2005లో డెట్రాయిట్ పదో పిక్‌గా తీసుకుంది.

ఫ్రిస్కో నాన్న
శుక్రవారం రాత్రి

ఇప్పుడే చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డబ్బు తిరిగిచ్చేశాడు, క్లాసులకీ వెళ్లాడు, కాలేజీ కూడా కావాలంది. మరింకేం చేయాలి నాన్నా?" అన్నాడు.